గురి కాగితం తీసేశాక

ఆటలో చెయ్యి తప్పడం చెప్పి రాదు. నిన్నటిదాకా పది బాణాల్లో ఏడెనిమిది పసుపు వలయంలో పడుతుంటాయి. ఒక వారం తిరిగేసరికి మూడు కూడా పడవు. విల్లు అదే, బాణాలు అవే, నిలబడే చోటూ అదే. ఏం మారిందో చూసేవాళ్లకు తెలియదు, వేసేవాళ్లకూ తెలియదు. ఓడిపోవడం కంటే ఈ తెలియకపోవడమే మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది.

మేము ఐదుగురం. ఉద్యోగాల కోసం వచ్చి జగదల్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల వాళ్లం. ఒకరు రైల్వే, ఒకరు బ్యాంకు, ఇద్దరు బడిపంతుళ్లు, ఐదో మనిషి మాలో ఒకరి కూతురు, పదిహేడేళ్ల పిల్ల. ఆదివారం పొద్దున్నే ఊరి చివర ఖాళీ స్థలంలో విల్లు పడతాం. బస్తర్‌లో విల్లు గోడకు తగిలించే అలంకారం కాదు. 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటులో గుండాధుర్ వెంట నడిచిన ఆదివాసులు తుపాకుల ముందు నిలబడింది విల్లంబులతోనే. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మేటి క్రీడాకారులకు ఇచ్చే పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. మాకు నేర్పేది ఒక గోండు యువకుడు. వయసులో మాకంటే చిన్నవాడే, అయినా దాదా అనే పిలుస్తాం.

గత చలికాలంలో మాలో ముగ్గురికి వరసగా చెయ్యి తప్పింది. అందరికంటే బాగా వేసే పిల్లకే అందరికంటే ఎక్కువగా తప్పింది. నారి లాగి గడ్డం కింద ఆనించేది, గురి కాగితం మీద పసుపు కనబడగానే వేళ్లు వాటంతటవే వదిలేసేవి. బాణం ఎక్కడికో పోయేది. పంతులుగారిది ఇంకో రకం. లాగి పట్టుకునేవాడు, గురి వలయం కిందే ఆగిపోయేది, పైకి రాదు. చెయ్యి వణికేది, వదల్లేడు.

దీనికి పేరుందని దాదా చెప్పాడు. ఆర్చరీలో టార్గెట్ పానిక్ అంటారు. దాని దాయాది గోల్ఫ్‌లో ఉంది, యిప్స్ అంటారు. చిన్నపిల్లలు కూడా గుంటలో వేయగల దూరం నుంచి బంతిని నెట్టలేక మణికట్టు అదిరిపోతుంది. జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్‌కు ఈ బాధ ఒకసారి కాదు, కొన్నిసార్లు వచ్చింది. 1991 రైడర్ కప్‌లో, రెండు మీటర్లు కూడా లేని చివరి దెబ్బ ఆయన చేతిలో తప్పింది, యూరప్ జట్టు ఒక్క పాయింటు తేడాతో ఓడింది. మరుసటి వారమే ఆయన జర్మనీలో ఇంకో టోర్నమెంట్ గెలిచాడు. 1993లో మాస్టర్స్ కూడా గెలిచాడు. యిప్స్ వచ్చిన ప్రతిసారీ కర్ర పట్టుకునే తీరు మార్చుకున్నాడు తప్ప ఆట మానలేదు.

ఇంకా ఎక్కువ బాణాలు వేస్తే తగ్గుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ బాధలో అది పనిచేయదు. తప్పు వేసిన ప్రతి బాణమూ ఆ తప్పునే చేతికి అలవాటు చేస్తుంది.

మా విషయంలో ఇంకో బరువు కూడా ఉంది. దాన్ని దాచిపెడితే ఈ వ్యాసం రాసి లాభం లేదు. ఒక పోటీలో పిల్ల వేసిన బాణం దిమ్మ దాటి పోయినప్పుడు, పక్కన నిలబడ్డ ఒకాయన నవ్వి, "వీళ్లకు ఇదీ కోటాలోనే కావాలేమో" అన్నాడు. ఆ మాట ఆమె విన్నది. మేమూ విన్నాం. ఆ ఇంటికి వచ్చాక విల్లు చిలక్కొయ్యకు తగిలించేసింది. నాలుగు నెలలు దాని జోలికి పోలేదు.

వేరేవాళ్లకు బాణం తప్పితే బాణం తప్పినట్టే. మనకు తప్పితే అది సాక్ష్యం అవుతుంది. మీకు చేతకాదు అని తాతల కాలం నుంచి చెబుతూ వచ్చినవాళ్ల చేతికి ఇంకో రుజువు దొరికినట్టు మనకే అనిపిస్తుంది. అందుకే మన పిల్లలు విల్లు పట్టినా, పరీక్ష రాసినా, వేదిక ఎక్కినా తమ కోసం మాత్రమే చెయ్యరు. జాతి మొత్తాన్ని భుజాన వేసుకుని చేస్తారు. అంత బరువు మోసే భుజంతో నారి సాఫీగా లాగడం ఎవరి తరం?

ఏకలవ్యుడి బొటనవేలి కథ మనందరికీ తెలుసు. ఆ కథ చెప్పి మనల్ని భయపెట్టినవాళ్లున్నారు, అదే కథ చెప్పి మనం కోపం తెచ్చుకున్నదీ ఉంది. ఆదివారం పొలంలో మాకు కొత్తగా తెలిసిన సంగతి ఒకటి చెబుతాం. ఇప్పుడు ఒలింపిక్స్‌లో వాడే పద్ధతిలో నారి లాగేది చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు. బొటనవేలు నారిని తాకనే తాకదు. ఎవరో అడిగి తీసుకున్న వేలు లేకుండానే ఈ విద్య నడుస్తోంది.

వానలు మొదలయ్యాక దాదా వాళ్లింటికి వెళ్లాడు. ధైర్యం చెప్పలేదు, నువ్వు గెలుస్తావనీ అనలేదు. "రేపు రా, గురి కాగితం పెట్టను" అన్నాడు, అంతే.

నిజంగానే పెట్టలేదు. గడ్డి దిమ్మ ముందు మూడు అడుగుల దూరంలో నిలబెట్టాడు. అంత దగ్గర నుంచి తప్పడానికి చోటే లేదు. కళ్లు మూసుకుని వెయ్యమన్నాడు. భుజం, మోచెయ్యి, వేళ్లు ఏం చేస్తున్నాయో గమనించడమే పని. బాణం ఎక్కడ పడిందో చూడకూడదు. మూడు వారాలు ఇదే. తర్వాత కాగితం పెట్టాడు, కానీ వదలనివ్వలేదు. నారి లాగి, గురి పసుపు మీద నిలిపి, ఐదు లెక్కపెట్టి, మళ్లీ మెల్లగా దించాలి. పసుపు కనబడితే వదలాల్సిందే అనే అలవాటు అలా తెగుతుంది. ఆ తర్వాత ఐదు మీటర్లు, పది, పదిహేను. మిగతా ఇద్దరం కూడా ఆమె పక్కనే నిలబడి ఇదంతా చేశాం.

సంయుత్త నికాయంలో రెండు బాణాల ఉపమానం ఉంది. శరీరానికి కలిగే నొప్పి మొదటి బాణం. దాన్ని తలుచుకుని ఏడ్చి, గుండెలు బాదుకుని మనకు మనమే తగిలించుకునేది రెండోది. తెలిసినవాడికి మొదటిదే తగులుతుంది. చెయ్యి తప్పడం మొదటి బాణం, అది ఎవరికైనా తగులుతుంది. నేనింతే, మావాళ్లింతే అనుకోవడం రెండోది. ఆ ఒకాయన వేసిన మాటను మనలోకి దింపుకోవడం కూడా రెండోదే. కాగితం తీసేయడం వల్ల జరిగింది ఏమిటంటే, రెండో బాణానికి నిలబడే చోటు లేకుండా పోయింది. అన్నవాడి మాటకు బదులు చెప్పడం వేరే పని, దానికి వేరే చోటుంది. విల్లు లాగే క్షణంలో ఆ పని పెట్టుకోకూడదు.

పెద్ద పేర్లవాళ్లకూ ఇది తప్పలేదు. 2012లో ప్రపంచ ఒకటో ర్యాంకుతో లండన్ వెళ్లిన దీపికా కుమారి ఒలింపిక్స్ వ్యక్తిగత పోటీలో మొదటి రౌండ్‌లోనే ఓడింది. ఆ తర్వాత ఎన్నో ప్రపంచ కప్ పతకాలు గెలిచింది, బిడ్డ పుట్టాక కూడా 2024లో పారిస్ వెళ్లింది. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖకు 2022లో ఆసియా క్రీడల జట్టులో మొదట చోటు దక్కలేదు. కోవిడ్ వల్ల ఆ ఆటలు 2023కు వాయిదా పడ్డాయి. ఈసారి జట్టులోకి వచ్చి, హాంగ్‌జౌలో మూడు స్వర్ణాలు తెచ్చింది.

మన ఇళ్లలో చెయ్యి తప్పిన పిల్లలుంటే మేము చెప్పగలిగేది ఇంతే. నీమీద మాకు నమ్మకముంది అని పదే పదే అనకండి, అది కూడా బరువే. కొన్నాళ్లు మార్కులు, స్కోర్లు అడగకండి. తప్పడానికి వీల్లేనంత దగ్గరగా పనిని తెచ్చిపెట్టండి, అక్కడి నుంచి అడుగు అడుగు వెనక్కి జరగనివ్వండి. పక్కన మీరూ నిలబడి చెయ్యండి. నమ్మకం ముందు వచ్చి తర్వాత పని కుదరదు, పని కుదురుతుంటే నమ్మకం దాని వెనకే వస్తుంది.

పిల్ల ఇప్పుడు ముప్పై మీటర్ల నుంచి వేస్తోంది. పాత స్కోరు ఇంకా రాలేదు. మొన్న ఆదివారం ఒక బాణం దిమ్మ దాటి పొదల్లో పడింది. వెళ్లి వెతికి తెచ్చుకుంది, తుడిచి మళ్లీ నారికి తొడిగింది.