లైన్ క్లియర్

మా ఇంట్లో 'లైన్' అంటే ఒకటే అర్థం. కరెంటు తీగ. నాన్న లైన్‌మన్. "లైన్ పోయింది" అని ఫోనొస్తే పళ్ళెం ముందు నుంచి లేచెళ్ళిపోయేవాడు. "లైన్ వచ్చింది" అంటే అమ్మ మళ్ళీ అన్నం వడ్డించేది.

బాపట్ల వచ్చి హాస్టల్లో చేరాక గానీ ఆ మాటకి ఇన్ని వేషాలున్నాయని నాకు తెలీలేదు. మెస్ దగ్గర "లైన్లో రండి" అంటే క్యూ. "వాడు ఆ ఈసీఈ అమ్మాయికి లైనేస్తున్నాడు" అంటే ఇంకో కథ. "లైన్లో ఉండు" అంటే ఫోన్ పెట్టెయ్యకు. బౌలింగ్‌లో లైన్, ప్రోగ్రామ్‌లో లైన్, షార్ట్ ఫిల్మ్ తీసేవాడు చెప్పే స్టోరీ లైన్. ఎగ్జామ్ ఫీజు కట్టడానికి ఆన్‌లైన్, దానికో డెడ్‌లైన్.

ఈ డెడ్‌లైన్ దగ్గరే నాకు మొదటి డౌటొచ్చింది. మనకి డెడ్‌లైన్ అంటే భయం. నాన్నకి లైన్ డెడ్‌గా ఉంటేనే ధైర్యం. తర్వాత చదివి తెలుసుకున్నా, అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో జైలు గోడకి ఇవతల ఒక హద్దు గీసేవాళ్ళట. ఖైదీ అది దాటితే కాల్చెయ్యడమే. అదీ అసలు డెడ్‌లైన్. మన అసైన్‌మెంట్లు నయం.

మాది రేపల్లె. బాపట్లకి చెరుకుపల్లి మీదుగా బస్సులో రావచ్చు. నాకు రైలే ఇష్టం. భట్టిప్రోలు, వేమూరు దాటుకుంటూ తెనాలి దాకా బ్రాంచి లైను, అక్కడ దిగి మెయిన్ లైను బండి. రేపల్లె దాటితే పట్టాలే లేవు, అదే లైనుకి చివర. 2022లో ఇంకో లైను గీశారు. రేపల్లె బాపట్ల జిల్లాలోకొచ్చింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. అంటే సొంత జిల్లాలో ఉన్న కాలేజీకి రావడానికి నేను పక్క జిల్లాలో బండి మారుతున్నానన్నమాట.

లైబ్రరీ డిక్షనరీలో చూస్తే ఈ మాటకి మూలం లాటిన్‌లో అవిసె నార దారం. లినెన్ బట్ట కూడా అక్కడి నుంచే. దారాన్ని లాగి పట్టుకుంటే గీత, గీత వెంట మనుషులు నిలబడితే వరుస, లోహంతో చేస్తే తీగ. మనకీ ఇలాంటిదే ఒకటుంది. సూత్రం అంటే దారం. అదే దారం మెడలో మంగళసూత్రమైంది, మాథ్స్ పుస్తకంలో ఫార్ములా అయింది.

కాకపోతే లైన్ చేసే పనుల్ని మన భాష చాలామందికి పంచింది. కాగితం మీద గీత. జామెట్రీలో రేఖ. చీమలది బారు. పద్యానికి పాదం. నాగలి వెనక చాలు. పెళ్ళి భోజనాల్లో పంక్తి, అదే మనవాళ్ళ నోట్లో బంతి. మనుషులు నిలబడితే వరుస, చుట్టరికం కలిపినా వరుసే (అందుకే లైనేసే ముందు వరుస కనుక్కోవడం మంచిది). వీటిలో చాలావాటికి ఇప్పుడు మనం ఒక్క 'లైన్' వాడేస్తున్నాం. దానివల్ల నష్టమేముందిలే అనుకునేవాణ్ణి, 2023 డిసెంబర్ దాకా.

5వ తారీఖున మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి పడిపోయింది, చెట్లు కూలాయి, వాటితో పాటు స్తంభాలూ. నాన్న ఇంటికొచ్చింది నాలుగో రోజున. ఏం మాట్లాడకుండా తిని పడుకున్నాడు. జరిగింది సంక్రాంతి సెలవుల్లో, అదీ నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు.

ముందు ఒక విషయం చెప్పాలి. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి 'లైన్ క్లియర్' తీసుకోవాలి. ఎల్‌సీ అంటారు. ఆ లైన్‌కి కరెంటు ఆపారు, మనుషులు పైనున్నారు, మళ్ళీ చెప్పేదాకా ఇవ్వకూడదు అని దానర్థం. ఎవరి పేరు మీద తీసుకున్నారో వాళ్ళే తిరిగి ఇవ్వాలి. రైల్వేలో కూడా లైన్ క్లియర్ ఉంది. అక్కడ అర్థం, ముందు స్టేషన్ దాకా దారి ఖాళీ, బండి పంపొచ్చు అని. మనం బయట వాడేది రైల్వే అర్థమే. వాళ్ళింట్లో ఒప్పుకున్నారా, లైన్ క్లియర్! ఒకచోట పొమ్మని, ఒకచోట ఆగమని. మాట మాత్రం అదే.

ఆ రోజు ఒకే 11 కేవీ లైన్ మీద రెండు చోట్ల పని జరుగుతోంది. ఒకచోట కొమ్మలు కొడుతున్నారు. రెండు కిలోమీటర్ల అవతల నాన్న స్తంభం మీదున్నాడు. కొమ్మలు కొట్టే జట్టులో ఒక కొత్త కుర్రాడు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, "సార్, లైన్ క్లియర్ అయింది" అన్నాడు. చెట్టు తీసేశామని అతని ఉద్దేశం. ఎల్‌సీ అయిపోయింది, కరెంటు ఇవ్వొచ్చు అని ఆపరేటర్‌కి అర్థమైంది. అతనికీ రెండు రాత్రుల నిద్ర లేదు. లేచి బ్రేకర్ దాకా వెళ్ళాడు. అలవాటుగా "పేరేంటి బాబూ?" అని అడిగాడు. రిజిస్టర్‌లో ఆ పేరు లేదు. ఉన్నవి రెండు పేర్లు, అందులో ఒకటి నాన్నది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అటూ ఇటూ ఎర్త్ రాడ్లు వేశాంలేరా, ఏం కాదు" అన్నాడు నాన్న. అంటూ నా మొహంలోకి చూడలేదు.

మనం కోడ్‌లో ఒకే పేరుతో రెండు వేరియబుల్స్ పెడితే కంపైలర్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. స్తంభం మీద కంపైలర్ ఉండదు. ఆ రోజు దాని పని ఒక పేరు చేసింది.

అప్పట్నుంచి నాన్న ఫోన్‌లో 'క్లియర్' అన్న మాట వాడడం మానేశాడు. పని అయ్యాక ఆయన చెప్పేది నేను పక్కనుండి విన్నాను. "ఫలానా వాణ్ణి మాట్లాడుతున్నా. నాతో ఐదుగురు ఎక్కారు, ఐదుగురూ కిందికి దిగారు. రాడ్లు తీశాం. నా ఎల్‌సీ తిరిగి ఇస్తున్నా, రాసుకోండి." ఇంగ్లీషులో రెండు ముక్కల్లో అయ్యేదానికి ఇంత పొడుగు. ఎవరైనా నవ్వితే నవ్వనీ అంటాడు.

మొన్న ఆదివారం రేపల్లెలో రైలెక్కించడానికి వచ్చాడు. బండి కదిలాక ఫోన్ చేశాడు. నేను అలవాటుగా "అంతా లైన్ క్లియర్ నాన్నా" అన్నా.

"అట్టా చెప్పమాకు. సీటు దొరికిందా లేదా, అది చెప్పు."

"దొరికింది. కిటికీ పక్కన. బ్యాగ్ పైన పెట్టా. తెనాలిలో దిగి బాపట్ల బండి ఎక్కాక మళ్ళీ చేస్తా."

"ఆఁ, అదీ" అని పెట్టేశాడు.