పుట్టలో ఉన్నది కూడా రైతే



చెదలు అనంగనే మనకు మందు డబ్బా యాదికొస్తది. ఈసారి మందు పోసే ముందు ఆ పురుగు ఎట్ల బతుకుతదో జర చూడుండ్రి.

తెల్లచీమ అంటరు కానీ అది చీమ జాతి కాదు, బొద్దింకకు చుట్టం. మన గెట్ల మీద ఎత్తుగ లేచే పుట్టల చెదలు మనలెక్కనే ఎవుసం జేస్తయి. కూలి చెదలు ఎండుటాకు, పుల్ల తిని, ఆ పెంటతోని లోపల తేనెపట్టు లెక్క గడ్డలు కడుతయి. దాని మీద బూజు పెంచి తింటయి. వానలకు పుట్ట మీద లేచే గొడుగులు ఆ పంటవే. పుట్టగొడుగు అన్న పేరు ఊకె రాలే.

రాణి రోజుకు వేల గుడ్లు పెడుతది. తేనెటీగల్లో మగది జత కలవంగనే చస్తది, ఇక్కడ రాజు రాణి పక్కనే ఉంటడు. సిపాయికి దవడలు పెద్దగుంటయి గని తన తిండి తను తినలేదు, కూలోళ్లు నోటికి అందియ్యాలె. వానకు దీపం చుట్టూ మూగే ఉసిళ్లు కొత్త పుట్టలు పెట్టవోయే రాజులు, రాణులే. చానా మట్టుకు కోళ్లకు, బల్లులకు, చీమలకు ఆహారమైతయి.

మన కాసిపేట బాయిలల్ల గాలి ఆడాలంటే పెద్ద ఫ్యాను తిరగాలె. పుట్టకు కరెంటు లేదు. బెంగళూరు పుట్టల మీద చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. పగలు పుట్ట అంచులు ముందు వేడెక్కి గాలి అంచుల వెంబడి పైకి పోయి నడుమల నుంచి దిగుతది, రాత్రి తిరగబడుతది. లోపలి చెడుగాలి అట్ల బయటికి పోతది.

ఇగ పంట సంగతి. చెదలకు ఎక్కువ ఇష్టం ఎండింది, చచ్చింది. వానలు ఆగి చెల్క ఎండినప్పుడు, నీళ్లు లేక సొలిగిన మొక్క వేరు మీద పడుతయి. సగం మురిగిన పెంట మొదట్ల వేస్తే మనమే పిలిచినట్టు. అందుకే పెంట బాగా మాగినంకనే చేన్లకు తోలుండ్రి. పత్తి కట్టె కాలబెట్టకుండ మొక్కలకు దూరంగ వేయుండ్రి. లేత మామిడి మొక్కలకు ఎండల తడి ఆరనీయకుండ్రి. ఇంటి దూలానికి, తలుపుకు పట్టిన చెదలను మాత్రం ఇడవొద్దు.

గెట్టు మీది పుట్టను తవ్వకుండ్రి. అవి తొలిచిన బొక్కలెంట వాన నీరు భూమిలకు ఇంకుతది, ఆకు అలము మన్నయితది. కూలి అడగకుండ చేసే పనిని మందు పోసి ఆపుకొనుడు ఎందుకు?