డప్పు కాపినట్టే

తమ్మీ, మన వాడ నుంచి పోయి పట్నంల ఒక పబ్బుకు రెసిడెంట్ డీజేవైనవని తెలిసి సంబరపడ్డ. మీ అవ్వ మాత్రం "మళ్లా వాయించే పనేనా కొడుకా" అన్నదట. ఆమె మాటల కోపం లేదు, భయమున్నది. మన తాతలు సావుకు కొట్టిండ్రు, పెండ్లికి కొట్టిండ్రు, దొర చాటింపు చెయ్యమంటే ఊరంత తిరుగుకుంట కొట్టిండ్రు. కూలి అడిగితే వెట్టి అన్నరు. ఆ బతుకు వద్దని నిన్ను కాలేజీకి పంపితే నువ్వు జనాన్ని ఎగిరించే పనిలనే చేరితివి. ఆమెకు జవాబు చెప్పుకునుడు నీ పని. పన్నెండేండ్ల సంది ఇదే పనిలున్నోణ్ని గనుక నీకు నాలుగు మాటలు చెప్పుడు నా పని.

రెసిడెంట్ అంటే ఏందో ముందు తెలుసుకో. బొంబాయి నుంచో బయటి దేశం నుంచో వచ్చే గెస్ట్ డీజే బొమ్మ పోస్టరు మీద పెద్దగుంటది. గంటన్నర కొట్టి పోతడు. నువ్వు వారానికి నాలుగైదు రాత్రులు అదే గదిలుంటవు. ఏ మూలకు బేసు ముద్దగడుతది, ఏ రోజు ఎసొంటోళ్లొస్తరు, ఎన్ని గంటలకు లేచి ఆడుతరు, ఎప్పుడు అలిసి బార్ కాడికి పోతరు, ఇవన్నీ నీకే తెలుస్తయి. ఊళ్లె మా అయ్య గట్లనే ఉండేటోడు. పెండ్లికి ఏ దరువు, బోనాలకు ఏ దరువు, పీనుగ లేసేటప్పుడు ఏ దరువు, ఎవలింటి ముందు ఎంతసేపు నిలవాలె, ఊరంత ఆయన చెవులల్ల ఉండేది. ఊరు మాత్రం ఆయనను ఊరవతల ఉంచింది.

డప్పు కాపకుండ ఎవడన్న కొడతడా? గడ్డిమంట ఏసి, డప్పును మంటకు చూపిచ్చి, తిప్పుకుంట తిప్పుకుంట కాపుతరు. ఒక్కతానే ఎక్కువసేపు పెడితే తోలు చెడుతది. సల్లటి డప్పు మీద సిర్ర ఎంత గట్టిగ పడ్డా పలుకదు. ఎనిమిది గంటలప్పుడు ఖాళీగున్న ఫ్లోరు సల్లటి తోలే అనుకో. కొత్తోళ్లు మొదటి గంటలనే హిట్టు పాటలన్నీ ఒడగొడతరు. జనం ఇంకా కూసోనన్న కూసోలె, వీని దగ్గర పాటలైపోతయి. నువ్వు 100, 110 బీపీఎం కాడ షురూ చెయ్యి. మాటలు తక్కువున్న పాటలు ఎయ్యి. పక్కోని మాట పక్కోనికి వినపడాలె. మూడు నాలుగు పాటలకొకసారి ఒకటో రెండో బీపీఎం పెంచుకుంట పదిన్నర వరకు 122, 124కు తెస్తే సాలు. గెస్టున్న రాత్రి ఆయన కొట్టే పాటలు ముట్టకు, ఆయన కంటె ముందే ఫ్లోరును అలగ్గొట్టకు. లొంగి ఉండమని చెప్తలేను. మంట కాడ కూసున్నోని పని కూడ పనే, ఆ పని రానోడు పెద్ద డీజే కాలేడు.

పాట నాలుగు దెబ్బల లెక్కన నడుస్తది. ఎనిమిది బార్లకు 32 దెబ్బలు, అక్కడొక మలుపు. కొత్త పాటను ఆ మలుపు కాడ దింపు. తెర మీది గీతలు చూసి కలుపుడే అలవాటైతే, తెర ఆరిపోయిన రాత్రి ఏం చేస్తవు? చెవితోని కలుపుడు నేర్చుకో. పాటలు రెండు పెన్‌డ్రైవులల్ల పెట్టుకో. మిక్సర్ మీద ఎర్రలైటు వెలిగితే సౌండు పెరగదు, పగులుతది. మేనేజరొచ్చి "ఇంకా పెంచు" అంటే బేసు ఒక్క నిమిషం గుంజి మళ్ల ఇడువు, పెరిగిందనుకొని పోతడు. ఆ గుంజుడు మనకు కొత్త కాదు. పాడెను దింపుడుకల్లం కాడ దింపినప్పుడు డప్పులు ఆగుతయి. అంతసేపు మోగిన చప్పుడు ఎంత పెద్దదో ఆ ఆగుడుల తెలుస్తది. మా అయ్య ఆ ఆగుడును ఎన్ని ఊపిర్లుంచాలెనో లెక్కగట్టి ఉంచెటోడు.

నువ్వు రోజూ కొట్టే హౌస్ మ్యూజిక్ ఎవలదో తెలుసా? ఇది నీతోటి డీజేలు చానమంది చెప్పరు. 1977లో అమెరికాలోని షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బు మొదలైంది. అక్కడికొచ్చేది ఎక్కువగా నల్లవాళ్లు, లాటినోలు, అందులోనూ మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు. తెల్లవాళ్ల క్లబ్బుల్లో చోటు దొరకని మనుషులు. ఆ క్లబ్బు డీజే ఫ్రాంకీ నకుల్స్. ఆయనా రెసిడెంటే. ఆ వేర్‌హౌస్ పేరు చివరి ముక్కే హౌస్ అంటారు. 1979 జులై 12న అదే షికాగోలో, ఒక రేడియో జాకీ పిలుపు మీద, బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో రికార్డులను పోగేసి పేల్చేశారు. రికార్డు తెచ్చినోళ్లకు టికెట్టు 98 సెంట్లే. అక్కడ సీట్లు చూపే పని చేస్తున్న విన్స్ లారెన్స్ అనే నల్ల పిల్లగాడు, జనం తెచ్చిన వాటిల్లో డిస్కో కాని నల్లవాళ్ల రికార్డులు కూడా ఉన్నాయని తర్వాత చెప్పాడు. ఆ పిల్లగాడే జెస్సీ సాండర్స్‌తో కలిసి 1984లో 'ఆన్ అండ్ ఆన్' చేశాడు. తొలి హౌస్ రికార్డుల్లో అదొకటి. నల్ల పులుల పేరు చూసి 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టిందని మనకు మీటింగులల్ల చెప్తరు. వాళ్ల పాట సంగతి చెప్పినోడు లేడు.

రాత్రి చివర అందరూ అడిగే తీన్మార్ సంగతి ఇంకో తీరు. అది హైదరాబాదు మర్ఫా దరువు. మర్ఫాను ఈ పట్నంల బతికించినోళ్లల్ల ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలున్నరు. నిజాం దగ్గర పనిచేసిన వాళ్ల గుర్రపు దళం పేరే ఏసీ గార్డ్స్ బస్తీకి మిగిలింది. మర్ఫా, డప్పు కలిసి ఇయ్యాల కంప్యూటర్ల దూరి పబ్బులకెక్కినయి. డప్పు సప్పుడు ఏసీ రూములకు వచ్చింది గని, డప్పు కొట్టినోడు ఆ గేటు కాడికొస్తే "చెప్పులున్నయా, షూ ఉన్నదా" అని కిందికి మీదికి చూస్తరు.

ఒకసారి ఒకాయన కన్సోలు మీదికి అయిదు వందల నోటు ఇసిరి "అరేయ్, తీన్మార్ కొట్టు" అన్నడు. మా అయ్య ముందట గట్లనే పైసలు కిందేసెటోళ్లు, చెయ్యి తగలకుంట. ఆ నోటు వెయిటర్‌కిచ్చి ఆయన బిల్లుల కలుపమన్న. తీన్మార్ కొట్టిన. పావుగంట తర్వాత, నా లెక్కకొచ్చినప్పుడు. ఆయన కూడ ఎగిరిండు.

పైసల మాట కాయితం మీద రాయించుకో. ఎన్ని రాత్రులు, ఎన్ని గంటలు, ఎంత జీతం, ఏ తారీఖున. తాగుడు కూపన్లు జీతం కాదు, "నీకు పేరొస్తది" అనేది అసలే కాదు. కూలి లేకుండ మన వెనకటోళ్లు కొట్టింది సాలు.

చెవులు కాపాడుకో. 85 డెసిబెల్స్ సౌండుల ఎనిమిది గంటలుండొచ్చునని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైము సగమైతది. 100 కాడికి పోతే పావుగంటే. నువ్వు నాలుగైదు గంటలుంటవు. వాయించేటోళ్ల కోసమని చేసిన ఇయర్‌ప్లగ్గులుంటయి, మొదటి జీతంల కొను. మానిటర్ స్పీకర్ అవసరమున్నప్పుడే పెంచు. మా అయ్యకు అరవై నిండకముందే డప్పు ఏసుకునే దిక్కు చెవి పోయింది. ఎన్నో ఊరేగింపులు నడిపించిన ఆ చెవికి ఊరు పైస ఇయ్యలె.

పోస్టరు మీద పేరు సంగతి ఎట్ల అని అడిగినవట. మేనేజరు నీ ఇంటిపేరు రెండుసార్లు అడిగిండని కూడ తెలిసింది. కులం చాటుకోమని నిన్ను నేను తొందరపెట్ట. కిరాయి రూము పోతది, పని పోతది, చూసినోణ్ని. కని ఇంకోని తోక మాత్రం తగిలించుకోకు. నాకెరుకైన ఒక పిల్లగాడు పెద్దకులం తోక పెట్టుకొని ఆడినన్నాళ్లు, పక్కన కూసొని రిజర్వేషనోళ్లను తిడుతుంటే నవ్వవలసి వచ్చేది. నేను నా పేరు ముందల మా ఊరి పేరు పెట్టుకున్న. ఆ ఊళ్లె ఏ వాడ అని అడిగినోళ్లకు చెప్తున్న. అడిగినంక మళ్లా పిలువనోళ్లు ఇద్దరున్నరు, పిలిచినోళ్లు ఎక్కువున్నరు. ఈ శనివారం నాకు సెలవు. తొమ్మిదికల్ల వచ్చి నీ వార్మప్ వింట.