ఏడుపు రాయని కథలు

2024 జూలై 6, తిరుపతి

ఈ రోజు క్లాసులో ఉర్దూ కథకుడు మంటో ‘టోబా టేక్ సింగ్’ కథ చదివి వినిపించాను. దేశ విభజన జరిగిన రెండు మూడేళ్లకు, పిచ్చాసుపత్రుల్లో ఉన్నవాళ్లను కూడా పంచుకోవాలని రెండు ప్రభుత్వాలూ తీర్మానిస్తాయి. మంటో ఎక్కడా గొంతు పెంచడు. పేపరులో వార్త రాసినట్టు చెప్పుకుపోతాడు. ఒక పిచ్చివాడు చెట్టెక్కి, ఇండియా వద్దు పాకిస్తానూ వద్దు, ఈ చెట్టు మీదే ఉంటానంటాడు. బిషన్ సింగ్ అనే ఇంకో పిచ్చివాడు కనబడినవాళ్లనల్లా తన ఊరు టోబా టేక్ సింగ్ ఏ దేశంలో ఉందని అడుగుతాడు. ఒక్కరూ సరిగ్గా చెప్పలేరు. చివరికి రెండు ముళ్లకంచెల నడుమ, ఎవరిదీ కాని నేల మీద పడిపోతాడు.

పీలేరు పిల్లవాడొకడు లేచి అడిగాడు: “దీంట్లో ఏడుపే లేదు గదా సార్, ఇది బాధల కత ఎట్టయితాది?”

మంచి ప్రశ్న. 1948లో మంటో కూడా బొంబాయి వదిలి లాహోర్ చేరినవాడే. అంత దెబ్బ తిన్న మనిషి తన ఏడుపును కథలోకి రానివ్వలేదు. అందుకే అది మన గొంతులో అడ్డం పడుతుంది.

జూలై 8

కథకుడు ఘసన్ కనఫానీని బేరూత్‌లో కారుబాంబు పెట్టి చంపింది 1972లో ఇదే తేదీన. పాలస్తీనాలోని అక్కాలో పుట్టాడు. 1948లో పన్నెండేళ్లవాడుగా దేశం వదిలాడు. తర్వాత డమాస్కస్‌లో శరణార్థి పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆయన నారింజపళ్ల కథను ఒక పిల్లవాడు తన ఈడువాడితో “మీ నాయన” అంటూ చెబుతాడు. సరిహద్దు దగ్గర లారీ ఆగుతుంది. ఆడవాళ్లు దిగి నారింజలు కొంటారు. ఆ నాయన ఒక పండు తీసుకుని, కాసేపు చూసి, భోరుమంటాడు. పిల్లవాడు కారణాలు చెప్పడు, చూసింది చెబుతాడు. అదే పెద్దవాళ్లు చెప్పి ఉంటే ఆ చోట మూడు పేజీల రాజకీయం వచ్చేది.

నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ కథలు చదివిన మనకు పిల్లవాడి నోట కష్టం వినడం కొత్త కాదు. కానీ కరువుకు బెంగళూరు పోయిన మన మనిషి వానలు పడితే తిరిగి రావచ్చు. శరణార్థికి ఆ దారి మూసేశారు. కరువు కథ రాసిన తీరులోనే ఆ కథా రాసేస్తామంటే కుదరదు.

జూలై 14

తడ దాటి కొంచెం పోతే గుమ్మిడిపూండి. అక్కడ శ్రీలంక తమిళ శరణార్థుల శిబిరం ఉంది. 1983 అల్లర్లతో మొదలై ఏళ్ల తరబడి పడవల్లో తమిళనాడు చేరినవాళ్ల పిల్లలూ, మనవళ్లూ ఇప్పటికీ ఇలాంటి శిబిరాల్లోనే బతుకుతున్నారు. ఇక్కడే పుట్టినా చాలామందికి పౌరసత్వం లేదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో శ్రీలంక పేరే లేదు. బిషన్ సింగ్ పడిపోయిన నేల మన సత్యవేడు పక్కనే ఉంది. వాళ్ల కథ వినడానికి మన జిల్లా కథకుల్లో తమిళం వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు.

రేపు పిల్లలకు చెప్పాలి: ఆ శిబిరానికి పోండి. మీ జాలి రాయొద్దు. వదిలి వచ్చిన ఊరి నుంచి ఏం తెచ్చుకున్నారో, దాన్ని ఎక్కడ దాచుకున్నారో ఒక ముసలమ్మను అడగండి. ఆమె ఎవరికి చెబుతున్నట్టు చెబితే, అట్లాగే రాయండి.