విడిగా పాడితే విడిపోయినట్లేనా?

మా అనంతపురం మెట్ట పల్లెల సంగతి మీకు తెలియనిది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన. అదీ వేరుశనగకు కావలసిన నాడు పడదు. అందుచేత మా సంఘాలలోని యౌవనస్థులు చదువు ముగియగానే ధర్మవరం, హిందూపురం మీదుగా బెంగళూరు రైలెక్కుతారు. క్రిస్మసు సెలవులకు తిరిగి వచ్చినప్పుడు వారి నోట కొత్త పేర్లు వినబడతాయి. ఆ పేర్లు విని కొందరు తలిదండ్రులు బిడ్డలు దారి తప్పారేమోనని కలత చెందుతారు. అటువంటి ఒక పేరును గూర్చి ఈ నెల మాట్లాడుకొందము.

ఆ పేరు 'అగం'. ఇది 2003లో బెంగళూరులో ఏర్పడిన సంగీత బృందము. వీరు కర్ణాటక సంగీతాన్ని ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు, కీబోర్డులతో కలిపి వాయిస్తారు. ఈ పద్ధతికి ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. 1960ల చివర ఇంగ్లండులో పుట్టినది. ఇందులో పాట సినిమా పాటవలె నాలుగు నిమిషాలకు ముగియనక్కరలేదు. ఒక్కొక్కటి పది, ఇరవై నిమిషాలు కూడా సాగుతుంది. నడుమ తాళము మారుతుంది. కొన్నిసార్లు ఆల్బము అంతా ఒకే కథగా నడుస్తుంది. రాత్రి తెల్లవార్లూ బుర్రకథ విన్న మన పెద్దలకు ఇది బొత్తిగా ఎరుగని సంగతి కాదు.

ఒక క్రిస్మసు సెలవులలో మందిరపు అరుగు మీద మా యౌవనస్థులు ముగ్గురు ఈ బృందమును గూర్చి వాదించుకొనుచుండగా మేమును, మా సంఘపెద్ద ఒకాయనయు దగ్గరే కూర్చున్నాము. 2012లో వచ్చిన మొదటి ఆల్బము 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్' లోని వేడి మరి దేనిలోను లేదని ఒకడన్నాడు. 2017 నాటి 'ఎ డ్రీమ్ టు రిమెంబర్' లోనే పొందిక కుదిరిందని రెండవవాడు. 2025లో వచ్చిన 'అరైవల్ ఆఫ్ ది ఎథీరియల్' వినకుండా ఆ రెంటిని మెచ్చుకోవద్దని మూడవవాడు. మూడింటిలోను త్యాగరాజు కీర్తనలున్నాయని చెప్పేసరికి మా పెద్దాయన చెవి నిక్కబొడిచారు.

"తెలుగు పాటలా? పాడేటాయన మనవాడేనా అబ్బీ?"

"కాదు తాతా, కేరళాయన. బృందమేమో కన్నడ దేశంలో ఉండాది. పాట తెలుగుది. రాసినాయన బతికింది తమిళ దేశంలో."

"అయితే పలుకు సరిగా ఉందా?" అన్నారు పెద్దాయన. దాని మీద మరో పావుగంట వాదన సాగింది.

అక్కడనుండి మాట గాయకుని మీదికి మళ్ళింది. హరీష్ శివరామకృష్ణన్ అను ఆ గాయకుడు బృందముతోనే గాక విడిగా కూడా కచేరీలు చేస్తాడు, సినిమాలకు పాడతాడు. బయటి పనులు పెరిగితే బృందము నీరసపడుతుందని, అందుకే రెండవ ఆల్బముకు మూడవదానికి నడుమ ఎనిమిదేండ్లు పట్టిందని ఒకడు. బయట నేర్చినది ఇంటికే తెస్తాడు గదా అని ఇంకొకడు. పెద్దాయన అంతా విని నెమ్మదిగా అడిగారు:

"మీరూ బెంగళూరులో వేరే సంఘంలో గిటారు, కీబోర్డు వాయిస్తారంట గదా. ఇక్కడ డోలక్ కొట్టేవాడు లేక ఏడాదిగా గోడకు వేలాడుతా ఉండాది. మీరు నేర్చింది ఇంటికి తెచ్చేదెప్పుడు?"

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చిన్నవాడు మావైపు తిరిగి, అమెరికాలోని నీల్ మోర్స్ అను ఆయన సంగతి చెప్పాడు. ఆయన 1992లో తన అన్నతో కలిసి 'స్పాక్స్ బియర్డ్' అను బృందమును మొదలుపెట్టాడు. 1999లో వేరు వేరు బృందాల వారితో కూడి 'ట్రాన్స్‌అట్లాంటిక్' అను మరొకదానిని పెట్టాడు. 2002లో 'స్నో' అను ఆల్బము వచ్చిన పిమ్మట తన క్రైస్తవ విశ్వాసము నిమిత్తము రెంటినీ విడిచి వెళ్ళాడు. అన్న మాత్రము పాత బృందములోనే ఉండిపోయాడు. అయితే 2009లో ట్రాన్స్‌అట్లాంటిక్ వారు మరల కూడుకున్నారు. 2016లో స్పాక్స్ బియర్డ్ వారు ఆయనతో కలిసి వేదిక మీద 'స్నో' మొత్తము వాయించారు. అదే ఏట ఆయన తన కొత్త బృందముతో, మన ఇండ్లలో చదువుకొనే బన్యన్ 'యాత్రికుని ప్రయాణము' ఆధారముగా రెండు డిస్కుల ఆల్బము వెలువరించాడు. "ఆయన పోయినాడనే అందరూ అనుకున్న్యారు అయ్యగారూ" అన్నాడు ఆ చిన్నవాడు.

పౌలు, బర్నబాల సంగతి మాకు జ్ఞాపకము వచ్చింది. మార్కును వెంట తీసికొనిపోవు విషయమై వారికి తీవ్రమైన వాదము కలిగింది. ఒకరు కుప్రకు ఓడ ఎక్కారు, ఒకరు సీలను వెంటబెట్టుకొని సిరియ దారి పట్టారు. అదే పౌలు చివరి దినములలో చెరలోనుండి, మార్కును తోడుకొని రమ్మని తిమోతికి వ్రాశాడు. విడిగా పని చేయుట ఒకటి, విడిపోవుట మరొకటి. చూచేవారికి మొదట రెండూ ఒకే తీరుగా కనబడతాయి. పిలుపు వచ్చినప్పుడే తేడా తెలుస్తుంది.

మా పెద్దాయన ఒక ఒప్పందము పెట్టారు. "మీ పాట మేము కడవరకూ ఇంటాము. ఆ పైన మా కీర్తన మీరు కడవరకూ పాడల్ల." ఫోనులో పాట పెట్టారు. ఆయన కన్నులు మూసికొని మోకాలి మీద తాళము వేశారు. నడుమ తాళము తప్పి చెయ్యి ఆగిపోతే నవ్వి మరల అందుకున్నారు. తరువాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిచి పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి చూపారు. 1803లో పుట్టి 1890లో గతించిన ఆ భక్తుడు కూడా కర్ణాటక రాగాలలోనే వ్రాశారు. కీర్తన పైన రాగము, తాళము అచ్చువేసి ఉన్నవి. మా పిల్లలకు పల్లవి, మొదటి చరణము వచ్చినవి. మూడవ చరణమునకు గొంతులు తగ్గినవి. చివరి చరణము పెద్దాయన ఒక్కరే పాడారు. ముగిసిన వెంటనే ఒకడు, "తాతా, ఇంకోసారి పాడు, రికార్డు చేసుకుంటాం" అన్నాడు. గోడనున్న డోలక్ ఆ సాయంకాలము దిగింది.

తరువాతి పండుగకు ఆ ముగ్గురిలో ఒక్కడే సెలవు దొరికి రాగలిగాడు. చరణాలన్నీ నేర్చుకొని వచ్చాడు. తక్కిన ఇద్దరి కొరకు సంఘము ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నది.

తలిదండ్రులారా, మీ బిడ్డ నోట తెలియని బృందము పేరు వినబడగానే కోపపడకుడి. పక్కన కూర్చుని ఒక్క పాట పూర్తిగా వినుడి. యౌవనస్థులారా, మూడు ఆల్బములలోని ప్రతి మలుపును వాదించగలిగిన చెవి మీకున్నది. అది మంచి చెవి. మీ పల్లెలో ఒక ముసలాయన గొంతుతో అంతరించిపోవుచున్న కీర్తన ఒకటి ఉండవచ్చును. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఆ చెవిని దానికి కూడా ఇయ్యుడి.