ఏప్రిల్‌లో ఓపిక

మార్చి చివర్లో బేస్‌బాల్ సీజన్ మొదలైంది. అందుకే ఈసారి వంట గురించి కాదు, విభక్తుల గురించీ కాదు, మా సియాటిల్ మ్యారినర్స్ గురించి రాస్తాను. బేస్‌బాల్ తెలియనివాళ్ళు భయపడకండి. ఇందులో సగం ఆట గురించి, సగం ఒక తెలుగు మాట గురించి.

ముందు మా జట్టు సంగతి చెప్పాలి. మ్యారినర్స్ ఆడటం మొదలుపెట్టింది 1977లో. ఇప్పుడున్న 30 జట్లలో ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ ఆడనిది మా జట్టు ఒక్కటే. 2001లో 116 ఆటలు గెలిచి పాత రికార్డుని అందుకున్నారు. అయినా వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళలేదు. ఆ తర్వాత 2022 వరకు అసలు ప్లేఆఫ్స్‌కే రాలేదు. నేను పెరిగింది ఆ ఇరవై ఏళ్ళలోనే. 2025 అక్టోబర్‌లో టొరాంటోతో ఏడో ఆట దాకా వెళ్ళి, ఒక్క పరుగు తేడాతో ఓడిపోయారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

అయినా ఏప్రిల్ రాగానే నాకు మళ్ళీ ఆశ పుడుతుంది. మొదటి రోజు అన్ని జట్లూ సున్నా దగ్గరే ఉంటాయి కదా. అది తేలికైన ఆశ. అందరికీ ఉంటుంది. అసలు కష్టం రెండో వారంలో వస్తుంది. నాలుగు రోజులు వరసగా ఓడిపోతారు. మనం నమ్ముకున్న బ్యాటర్ బంతిని తాకలేకపోతాడు. అప్పుడు మా బాబాయ్ ఫోన్ చేసి, "ఏమైంది మీవాళ్ళకి? అయిపోయినట్టేనా?" అంటారు.

బాబాయ్ క్రికెట్ మనిషి. ఆయనకి నేను చెప్పే లెక్క ఇది. ఐపీఎల్ లీగ్ దశలో ఒక్కో జట్టు 14 మ్యాచ్‌లు ఆడుతుంది. బేస్‌బాల్ సీజన్‌లో ఒక్కో జట్టు 162 ఆడుతుంది. 162ని 14తో భాగిస్తే పదకొండున్నర వస్తుంది. అంటే బేస్‌బాల్‌లో మొదటి రెండు వారాలు మొత్తం కలిపితే ఐపీఎల్‌లో ఒక్క మ్యాచ్‌తో సమానం. ఒక్క మ్యాచ్ చూసి సన్‌రైజర్స్ పని అయిపోయిందని బాబాయ్ అనరు. (సరే, అంటారు. కానీ మర్నాడు మళ్ళీ టీవీ ముందు కూర్చుంటారు.)

బ్యాటర్ లెక్క కూడా అంతే. ఒకతను ఏప్రిల్‌లో 40 సార్లు బ్యాట్ చేసి 10 హిట్లు కొట్టాడనుకోండి. సగటు .250, అంటే మామూలు ఆటగాడు. అదే 12 కొడితే .300, అంటే స్టార్. తేడా రెండు హిట్లు! గట్టిగా కొట్టిన రెండు బంతులు నేరుగా ఫీల్డర్ చేతిలో పడితే చాలు, స్టార్ మామూలువాడిలా కనిపిస్తాడు. పైగా ఏప్రిల్‌లో సియాటిల్ చల్లగా ఉంటుంది. చల్లగాలిలో బంతి అంత దూరం పోదు.

ఉదాహరణ కావాలా? 2019లో వాషింగ్టన్ నేషనల్స్ మొదటి 50 ఆటల్లో 31 ఓడిపోయారు. మే నెలలోనే చాలామంది వాళ్ళని వదిలేశారు. అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ గెలిచింది వాళ్ళే. మా జట్టు కూడా 1995 ఆగస్టులో మొదటి స్థానానికి 13 ఆటలు వెనక ఉండి, చివరికి డివిజన్ గెలిచింది.

కానీ అన్ని కథలూ ఇలా ముగియవు. అది కూడా చెప్పాలి. 1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ మొదటి 21 ఆటలూ ఓడిపోయారు. ఆ ఏడాది మొత్తం 107 ఓడిపోయారు. కొన్నిసార్లు ఏప్రిల్ నిజమే చెబుతుంది. అది ఏ రకం ఏప్రిల్ అనేది మాత్రం ఏప్రిల్‌లో తెలియదు.

ఈ ఏడాది ఇదంతా నాకు మామూలుకంటే ఎక్కువ అవసరమైంది. ఫిబ్రవరిలో మా అమ్మమ్మ పడిపోయింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. రోజూ వాకర్ పట్టుకుని హాల్లో నడుస్తుంది. అడుగులు లెక్కపెట్టడం నా పని. ఒక రోజు ఇరవై, మర్నాడు పన్నెండు. పన్నెండు వచ్చిన రోజు సోఫాలో కూలబడి, "ఓపిక లేదు కన్నా" అంటుంది.

ఈ మాట గమనించండి. "ఓపిక లేదు" అంటే ఒంట్లో శక్తి లేదని. "కాస్త ఓపిక పట్టు" అంటే తొందరపడకుండా ఉండమని. రెండింటికీ ఒకటే మాట! ఇంగ్లీషులో వీటికి రెండు వేర్వేరు మాటలు కావాలి. తెలుగులో మాత్రం ఎదురుచూడటం కూడా ఒక బలమే. అది కూడా ఖర్చవుతుంది, తిని పడుకుంటే మళ్ళీ వస్తుంది.

వ్యాయామం నేర్పే ఆవిడ రోజులు చూడొద్దు, వారాలు చూడమంది. నేను ఫ్రిజ్ మీద మ్యారినర్స్ షెడ్యూల్ పక్కన ఒక కాగితం అతికించాను. అందులో వారం మొత్తం అడుగులు కలిపి రాస్తాను. మొదటి వారం 61. పోయిన వారం 118. మధ్యలో ఒక వారం తగ్గింది కూడా. అమ్మమ్మ ఆ కాగితం చూసి, "మీవాళ్ళకంటే నేనే నయం" అంది.

సంక్రాంతికి తెనాలి వెళ్ళిపోతానంటోంది. వెళ్ళగలదో లేదో డాక్టరు చెప్పలేదు. మేమూ అడగడం మానేశాం. టికెట్ ఇంకా కొనలేదు. ఆట ఉన్న రోజు సాయంత్రం వాకర్ పని అయ్యాక ఇద్దరం టీవీ పెట్టుకుంటాం. ఆవిడకి రూల్స్ సగమే తెలుసు. కానీ ఓడుతున్నప్పుడు నేను రిమోట్ అందుకుంటే, "ఉండు, ఇంకా తొమ్మిదోది ఉందిగా" అంటుంది.

మీ ఇంట్లో "ఓపిక" ఎప్పుడు, ఎవరి నోట వింటారు? ఒక వాక్యం తెలుగులో రాసి పంపండి. తప్పులున్నా ఫర్వాలేదు. మీది ఏ జట్టో కూడా చెప్పండి, హ్యూస్టన్ అయినా సరే!