పాచికల్లోంచి పుట్టిన మనిషి

పాచికలనగానే మనకి ధర్మరాజు గుర్తొస్తాడు. ఉన్నవన్నీ ఊడ్చిపెట్టడమే వాటి పని అనుకుంటాం. మారేడుపల్లిలో మా భోజనాలబల్ల చుట్టూ చేరే పిల్లలు మాత్రం పాచికలు వేసి మనుషుల్ని పుట్టిస్తున్నారు!

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని బయటికి తెచ్చారు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు. ప్రతి పాత్రకీ ఆరు గుణాలు: బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ. నాలుగు పాచికలు వేసి, అన్నిట్లో తక్కువది తీసేసి, మిగిలిన మూడూ కూడితే ఒక గుణానికి అంకె వస్తుంది. పద్దెనిమిదికి మించదు. తెలివినీ వివేకాన్నీ విడివిడిగా పెట్టినందుకు ఆ మహానుభావులకి దణ్ణం పెట్టాలి. మొదటిది పద్దెనిమిదీ, రెండోది మూడూ ఉన్న ఘనులు మన చుట్టాల్లో ఎంతమంది లేరూ!

అంకెలతో తీరిపోదు. 2014లో వచ్చిన నియమాల పుస్తకం ప్రకారం పాత్రకి ఒక ఆదర్శం, ఒక అనుబంధం, ఒక లోపం రాయాలి. పిల్లలు లోపాన్ని ఎంత సంబరంగా రాస్తారో! "బంగారం కనిపిస్తే చెయ్యాగదు" అని రాశాడొకడు. పెళ్ళిచూపులనాడు మనం చీరకొంగుకింద దాచుకున్నదాన్ని వీళ్ళు బల్లమీద పెడుతున్నారు. అదుంటేనే కథ నడుస్తుందిట.

"నానమ్మా, నువ్వూ ఒకటి చేసుకో" అంది మనవరాలు. ఆదర్శం, అనుబంధం గబగబా రాసేశాను. లోపానికి "ఎవరేమన్నా నోరెత్తదు" అని రాస్తే, అది నీ లోపమా, నీ పాత్రదా అని అడిగింది గడుగ్గాయి. పేరు దగ్గర కలం ఆగింది. పెళ్ళిలో అత్తగారు నా పేరు మార్చేశారు, ఆ ఇంట్లో అప్పటికే ఒక తోటికోడలికి అదే పేరుందని. పాత పేరు మా అమ్మతోనే పోయింది. అదే రాశాను.

ఆట మధ్యలో మనవరాలు ఆ పేరు పెట్టి పిలిచింది. పలకడానికి ఒక్క క్షణం పట్టింది. కోటగుమ్మంలో కాపలావాడు దారివ్వనన్నాడు. ఇరవై ముఖాల పాచిక వేస్తే పదిహేడు పడింది. "నేను లోపలికి వెళ్తాను, తప్పుకో" అన్నాను. వంటింట్లోంచి మావారు తొంగిచూశారు.

మూడొందల అనుభవం పాయింట్లొస్తే రెండో మెట్టు ఎక్కవచ్చు. అరవై ఎనిమిదేళ్ళ అనుభవం లెక్కలో వేసుకోరా అంటే, "ఆటలో సంపాదించిందే చెల్లుతుంది నానమ్మా" అన్నారు. ప్రస్తుతం నూటయాభైలో ఉన్నాను.